కమాండ్ లైన్ నుంచి మేనేజ్డ్ క్లౌడ్ డేటాబేస్‌ను ఏర్పాటు చేసుకోవడం ఎలా?

డేటాబేస్ సర్వర్‌ను సొంతంగా నడిపేవారికి దాని వెనుక ఉండే చాకిరీ ఎంతో తెలుసు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్యాచ్‌లు వేయాలి, బ్యాకప్‌లు తీయాలి, డిస్క్ నిండకముందే పెంచాలి, యంత్రం మొరాయిస్తే మరొకదాన్ని నిలబెట్టాలి. మేనేజ్డ్ డేటాబేస్ సేవను ఎంచుకున్నప్పుడు ఈ పనుల్లో చాలావరకు క్లౌడ్ సంస్థ చూసుకుంటుంది. టేబుళ్ల నిర్మాణం, యూజర్ల హక్కులు, నెట్‌వర్క్‌లో ఎవరిని లోపలికి రానివ్వాలన్న నిర్ణయం, నెలాఖరున వచ్చే బిల్లు మాత్రం మీ బాధ్యతగానే మిగులుతాయి.

ఈ వ్యాసంలో అమెజాన్ వెబ్ సర్వీసెస్ (ఏడబ్ల్యూఎస్)లోని ఆర్‌డీఎస్ (రిలేషనల్ డేటాబేస్ సర్వీస్) సేవను ఉదాహరణగా తీసుకుని, ఒక పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌ను పూర్తిగా కమాండ్ లైన్ నుంచే ఏర్పాటు చేసే విధానాన్ని వివరిస్తాను. 2009లో మైఎస్‌క్యూఎల్‌తో మొదలైన ఈ సేవలోకి పోస్ట్‌గ్రెస్ 2013లో వచ్చింది. గూగుల్ క్లౌడ్‌లోనైనా, మైక్రోసాఫ్ట్ అజూర్‌లోనైనా కమాండ్ల పేర్లు మారతాయి గానీ తీసుకోవలసిన నిర్ణయాలు దాదాపు ఇవే.

అన్నిటికంటే ముందు ఒక విషయం చెప్పాలి. బ్రౌజర్‌లో కన్సోల్ తెరిచి చేసేటప్పుడు ప్రతి ప్రశ్నా మీ కళ్ల ముందు కనిపిస్తుంది. కమాండ్ లైన్‌లో మీరు రాయని ఆప్షన్ గురించి ఎవరూ మిమ్మల్ని అడగరు, దాని డిఫాల్ట్ విలువ నిశ్శబ్దంగా అమలైపోతుంది. ఆ డిఫాల్ట్‌లు కన్సోల్‌లో కనిపించేవాటితో ఏకీభవించాలన్న నియమమేమీ లేదు. ఉదాహరణకు, బ్యాకప్‌లను ఎన్ని రోజులు ఉంచాలో మీరు చెప్పకపోతే కమాండ్ లైన్ ద్వారా సృష్టించిన డేటాబేస్‌కు ఒక్క రోజే వర్తిస్తుంది. శుక్రవారం జరిగిన పొరపాటును సోమవారం గుర్తిస్తే వెనక్కి వెళ్లడానికి దారి ఉండదు. అందుకే ఈ పద్ధతి మొత్తానికీ ఒకటే ఆధారసూత్రం: ముఖ్యమైన ఆప్షన్ ఏదైనా సరే, డిఫాల్ట్ విలువ మీకు సరిపోయినా సరే, దాన్ని స్పష్టంగా రాయాలి.

కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఆంగ్లంలో, చిన్న అక్షరాలతో టైప్ చేయాలి. హైఫన్ చూపిన చోట హైఫన్ పెట్టాలి. ప్రతి ఆప్షన్ పేరుకు ముందు రెండు హైఫన్లు చేర్చాలి. స్పెల్లింగ్‌పై సందేహం వచ్చినప్పుడు కమాండ్ చివర ‘హెల్ప్’ అని చేర్చితే పూర్తి వివరణ అక్కడికక్కడే తెరుచుకుంటుంది.

మొదట టూల్, గుర్తింపు, అనుమతులు

ఏడబ్ల్యూఎస్ కమాండ్ లైన్ టూల్ రెండో వెర్షన్‌ను ఇన్‌స్టాల్ చేసుకుని, ‘ఏడబ్ల్యూఎస్’ పక్కన ‘వెర్షన్’ ఆప్షన్‌ను ఇచ్చి అది సరిగా పనిచేస్తోందో లేదో చూసుకోండి. తర్వాత లాగిన్ ఏర్పాటు చేయాలి. మీ సంస్థలో సింగిల్ సైన్-ఆన్ ఉంటే ‘ఏడబ్ల్యూఎస్ కన్ఫిగర్ ఎస్ఎస్ఓ’ మార్గాన్నే ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే అది ఇచ్చే తాళాలకు గడువు ఉంటుంది, వాటంతటవే చెల్లకుండా పోతాయి. మామూలు ‘ఏడబ్ల్యూఎస్ కన్ఫిగర్’ కమాండ్ యాక్సెస్ కీ, సీక్రెట్ కీ, రీజియన్ (సర్వర్లు ఉండే ప్రాంతం), అవుట్‌పుట్ రూపం అనే నాలుగింటిని అడిగి, కీలను మీ హోమ్ ఫోల్డర్‌లో ఒక సాదా టెక్స్ట్ ఫైలులో దాచిపెడుతుంది. ఆ ఫైలు ఎవరి చేతికి చిక్కినా ఆ అనుమతులన్నీ వారివైపోతాయి. అన్ని హక్కులూ ఉండే రూట్ అకౌంట్‌కు యాక్సెస్ కీలు సృష్టించి వాడడం ఏ పరిస్థితిలోనూ సమంజసం కాదు.

తరువాతి కమాండ్ చాలామంది వదిలేసేది, నేను మాత్రం తప్పనిసరి అనేది: ‘ఏడబ్ల్యూఎస్ ఎస్‌టీఎస్ గెట్-కాలర్-ఐడెంటిటీ’. మీరు ప్రస్తుతం ఏ అకౌంట్‌లో, ఏ గుర్తింపుతో ఉన్నారో ఇది చెబుతుంది. ప్రయోగాలకు ఒక అకౌంట్, అసలు వినియోగదారులకు మరొక అకౌంట్ ఉన్న చోట, తప్పు అకౌంట్‌లో డేటాబేస్ సృష్టించడం లేదా తొలగించడం అసాధ్యమేమీ కాదు. ‘కన్ఫిగర్ లిస్ట్’ కమాండ్‌తో రీజియన్ ఏమిటో కూడా సరిచూసుకోండి. అప్లికేషన్ సర్వర్ ఏ రీజియన్‌లో ఉందో డేటాబేస్ కూడా అక్కడే ఉండాలి, లేకపోతే ప్రతి క్వెరీకీ దూరం తాలూకు ఆలస్యం, డేటా బదిలీ ఖర్చు రెండూ తోడవుతాయి.

మీ గుర్తింపుకు ఆర్‌డీఎస్‌పై, నెట్‌వర్క్ భాగాలపై అనుమతులు ఉండాలి. దిగువ సూచించే పద్ధతిలో పాస్‌వర్డ్‌ను సీక్రెట్స్ మేనేజర్‌కు అప్పగిస్తాం కనుక ఆ సేవకూ, ఎన్‌క్రిప్షన్ తాళాలను చూసే కేఎంఎస్‌కూ సంబంధించిన అనుమతులు కూడా కావాలి. అనుమతి లేదన్న ఎర్రర్ వచ్చినప్పుడు అందులోనే ఏ చర్యకు అనుమతి లేదో రాసి ఉంటుంది; ఆ ఒక్కదాన్నే చేర్చండి తప్ప, విసిగిపోయి పూర్తి అడ్మిన్ హక్కులు ఇచ్చేయకండి.

నెట్‌వర్క్: డేటాబేస్ ఎక్కడ ఉండాలి, ఎవరికి కనిపించాలి

ఆర్‌డీఎస్ డేటాబేస్ ఒక వీపీసీలో, అంటే క్లౌడ్‌లో మీకు కేటాయించిన ప్రైవేట్ నెట్‌వర్క్‌లో నివసిస్తుంది. ‘ఏడబ్ల్యూఎస్ ఈసీ2 డిస్క్రైబ్-వీపీసీస్’, ‘ఏడబ్ల్యూఎస్ ఈసీ2 డిస్క్రైబ్-సబ్‌నెట్స్’ కమాండ్లతో మీ వీపీసీ ఐడీని, దానిలోని సబ్‌నెట్ల (ఆ నెట్‌వర్క్‌లోని చిన్న విభాగాల) ఐడీలను, అవి ఏ అవైలబిలిటీ జోన్లలో (ఏజెడ్, అంటే ఒకే రీజియన్‌లో విడివిడిగా ఉండే డేటా సెంటర్ల సముదాయం) ఉన్నాయో రాసిపెట్టుకోండి. ఇంటర్నెట్ గేట్‌వేకు దారి లేని ప్రైవేట్ సబ్‌నెట్లనే ఎంచుకోవాలి. అవి కనీసం రెండు వేర్వేరు జోన్లలో ఉండాలన్నది ఆర్‌డీఎస్ నిబంధన. మీకు ప్రస్తుతం ఒక్క సర్వరే చాలన్నా ఈ నిబంధన తప్పదు.

ఆ సబ్‌నెట్లను ‘ఏడబ్ల్యూఎస్ ఆర్‌డీఎస్ క్రియేట్-డీబీ-సబ్‌నెట్-గ్రూప్’ కమాండ్‌తో ఒక గుంపుగా కట్టండి. గుంపు పేరు, వివరణ, సబ్‌నెట్ ఐడీలు అనే మూడు ఆప్షన్లే దీనికి కావాలి.

తర్వాత సెక్యూరిటీ గ్రూప్, అంటే ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే నియమాల గుంపు. ‘ఏడబ్ల్యూఎస్ ఈసీ2 క్రియేట్-సెక్యూరిటీ-గ్రూప్’ అని పిలిచి, పేరు, వివరణ, వీపీసీ ఐడీ ఇస్తే కొత్త గ్రూప్ ఐడీ వస్తుంది. కొత్తగా సృష్టించిన గ్రూప్ లోపలికి ఎవరినీ రానివ్వదు, కాబట్టి ‘ఆథరైజ్-సెక్యూరిటీ-గ్రూప్-ఇన్‌గ్రెస్’ కమాండ్‌తో టీసీపీ పోర్ట్ 5432కు మాత్రమే దారి తెరవాలి. ఎవరికి తెరవాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఐపీ చిరునామాల పరిధిని ఇచ్చే బదులు, ‘సోర్స్-గ్రూప్’ ఆప్షన్‌లో మీ అప్లికేషన్ సర్వర్లు ఉన్న సెక్యూరిటీ గ్రూప్ ఐడీని ఇవ్వండి. అప్పుడు సర్వర్ల సంఖ్య పెరిగినా తగ్గినా, వాటి చిరునామాలు మారినా, నియమాన్ని మళ్లీ రాయవలసిన పని ఉండదు. పరీక్ష కోసమంటూ నాలుగు సున్నాల చిరునామాకు, అంటే ప్రపంచమంతటికీ, డేటాబేస్ పోర్ట్‌ను తెరవకండి. ఇంటర్నెట్‌కు తెరిచిన 5432 పోర్ట్‌లను వెతికి పాస్‌వర్డ్‌లు ప్రయత్నించే యంత్రాలు నిరంతరం తిరుగుతూనే ఉంటాయి.

వెర్షన్ ఎంపిక, పారామీటర్ గ్రూప్

‘ఏడబ్ల్యూఎస్ ఆర్‌డీఎస్ డిస్క్రైబ్-డీబీ-ఇంజిన్-వెర్షన్స్’ కమాండ్‌కు ఇంజిన్ పేరుగా ‘పోస్ట్‌గ్రెస్’ ఇస్తే ప్రస్తుతం దొరికే వెర్షన్లన్నీ వస్తాయి. అన్ని వెర్షన్లూ అన్ని సర్వర్ రకాల మీదా నడవవు కాబట్టి ‘డిస్క్రైబ్-ఆర్డరబుల్-డీబీ-ఇన్‌స్టెన్స్-ఆప్షన్స్’ కమాండ్‌తో మీ రీజియన్‌లో ఆ జత దొరుకుతుందో లేదో ముందే చూడండి. ఈ రెండూ వందల పంక్తుల అవుట్‌పుట్ ఇస్తాయి. ‘క్వెరీ’ ఆప్షన్‌తో కావలసిన భాగాన్నే తీసుకుని, ‘అవుట్‌పుట్ టేబుల్’ అని జోడిస్తే చదవడానికి వీలుగా ఉంటుంది.

వెర్షన్ తేలిన వెంటనే సొంత పారామీటర్ గ్రూప్‌ను, అంటే డేటాబేస్ ఇంజిన్ సెట్టింగుల సముదాయాన్ని, సృష్టించుకోవాలి. డిఫాల్ట్ పారామీటర్ గ్రూప్‌లో ఏ విలువనూ మార్చడానికి వీలుండదు. డేటాబేస్ నడుస్తుండగా కొత్త గ్రూప్‌కు మారాలంటే రీబూట్ తప్పదు. ఇప్పుడే ఒకటి జతచేసి ఉంచితే తర్వాతి రోజుల్లో ఆ అంతరాయం ఉండదు. ‘క్రియేట్-డీబీ-పారామీటర్-గ్రూప్’ కమాండ్‌లో ఫ్యామిలీ పేరు మీ మేజర్ వెర్షన్‌తో సరిపోలాలి, అంటే 17వ వెర్షన్‌కు ‘పోస్ట్‌గ్రెస్17’ అని ఇవ్వాలి.

మొదటి రోజే మార్చదగిన పారామీటర్ ఒకటుంది: నెమ్మదిగా నడిచే క్వెరీలను లాగ్‌లోకి రాయించే ‘లాగ్_మిన్_డ్యూరేషన్_స్టేట్‌మెంట్’. దానికి 1000 అని ఇస్తే ఒక సెకను కంటే ఎక్కువ తీసుకున్న ప్రతి క్వెరీ నమోదవుతుంది. ‘మాడిఫై-డీబీ-పారామీటర్-గ్రూప్’ కమాండ్‌లో ప్రతి మార్పుకూ ‘అప్లై మెథడ్’ కూడా చెప్పాలి: డైనమిక్ పారామీటర్లకు ‘ఇమ్మీడియట్’, స్టాటిక్ పారామీటర్లకు ‘పెండింగ్-రీబూట్’. పైన చెప్పినది డైనమిక్ రకానికి చెందినదే.

నిర్ణయాలన్నిటినీ ఒకే ఫైలులో రాయడం

ఇప్పుడు అసలు కమాండ్ దగ్గరికి వచ్చాం. ‘ఏడబ్ల్యూఎస్ ఆర్‌డీఎస్ క్రియేట్-డీబీ-ఇన్‌స్టెన్స్’ కమాండ్‌కు ఉన్న ఆప్షన్లను ఒకే పంక్తిలో టైప్ చేయడం సాధ్యమే గానీ, దాన్ని మరొకరు చదివి సరిచూడలేరు, ఆరు నెలల తర్వాత మీరు కూడా గుర్తుపట్టలేరు. ఇంతకంటే మంచి మార్గం టూల్‌లోనే ఉంది. కమాండ్‌కు ‘జనరేట్-సీఎల్ఐ-స్కెలిటన్’ అనే ఆప్షన్‌ను, దానికి ‘యామల్-ఇన్‌పుట్’ (యామల్ అంటే సెట్టింగులను సాదా టెక్స్ట్‌గా రాసే పద్ధతి) అనే విలువను ఇస్తే, డేటాబేస్ సృష్టి జరగదు. దానికి బదులు ఆ కమాండ్ స్వీకరించే ఆప్షన్లన్నిటితో ఒక ఖాళీ నమూనా తెర మీదికి వస్తుంది. దాన్ని ఒక ఫైలులోకి మళ్లించి, మీకు అక్కరలేని పంక్తులను తీసేసి, మిగిలినవాటిని నింపి, ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే వెర్షన్ కంట్రోల్‌లో భద్రపరచండి. నమూనాలో మిగిలిపోయిన ఖాళీ విలువలు ఎర్రర్లకు దారితీస్తాయి కాబట్టి తీసేయడంలో మొహమాటం వద్దు. ఈ ఫైలును చదువుతూ పోతే కన్సోల్ అడిగే ప్రశ్నలన్నీ, అది అడగనివి కూడా, వరుసగా ఎదురవుతాయి. కమాండ్ లైన్ తాలూకు అసలు లోపాన్ని సరిదిద్దేది ఈ ఒక్క ఆప్షనే అని నా అభిప్రాయం.

ఫైలులో నింపవలసినవాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ఐడెంటిఫయర్ అంటే ఇన్‌స్టెన్స్ (మీరు సృష్టిస్తున్న డేటాబేస్ సర్వర్) పేరు. ఇది అక్షరంతో మొదలవ్వాలి, 63 అక్షరాలు దాటకూడదు, హైఫన్‌తో ముగియకూడదు, వరుసగా రెండు హైఫన్లు ఉండకూడదు. కనెక్ట్ అయ్యే చిరునామాలో ఈ పేరే ఉంటుంది కనుక అప్లికేషన్ పేరు, వాతావరణం (ప్రయోగమా, అసలుదా) తెలిసేలా పెట్టండి. డేటాబేస్ పేరు ఆప్షన్ వేరే. దాన్ని వదిలేస్తే ‘పోస్ట్‌గ్రెస్’ అన్న పేరుతో ఉండే మామూలు డేటాబేస్ ఒక్కటే మీకు దక్కుతుంది.

సర్వర్ రకంగా ప్రయోగాలకు ‘డీబీ.టీ4జీ.మైక్రో’ చాలు, దానికి 1 జీబీ మెమరీ ఉంటుంది. ఈ టీ వరుస సర్వర్లు సీపీయూ క్రెడిట్ల పద్ధతిలో నడుస్తాయి. ఆర్‌డీఎస్‌లో అవి ‘అన్‌లిమిటెడ్’ విధానంలో ఉంటాయి కాబట్టి, నిరంతరం ఎక్కువ సీపీయూ వాడితే వేగం తగ్గదు, అదనపు రుసుము పడుతుంది. రోజంతా ఒకే స్థాయిలో బరువు మోయవలసిన డేటాబేస్‌కు ఎం లేదా ఆర్ వరుసలే సరైనవి.

స్టోరేజ్ రకం ‘జీపీ3’, పరిమాణం కనీసం 20 జీబీ. పోస్ట్‌గ్రెస్‌కు 400 జీబీ లోపు జీపీ3 డిస్క్‌లో సెకనుకు 3000 ఐఓ (చదవడం, రాయడం) కార్యకలాపాలు మూల సామర్థ్యంగా లభిస్తాయి. డిస్క్ పరిమాణాన్ని ఎప్పుడైనా పెంచవచ్చు గానీ ఉన్న ఇన్‌స్టెన్స్‌కు మాడిఫై కమాండ్‌తో తగ్గించడం వీలుకాదు. కాబట్టి చిన్నగా మొదలుపెట్టి, ‘మ్యాక్స్-అలొకేటెడ్-స్టోరేజ్’ అనే గరిష్ఠ పరిమితిని ఇవ్వడం తెలివైన పని. ఖాళీ స్థలం పది శాతం కంటే తగ్గి అయిదు నిమిషాలు అలాగే ఉంటే సేవ డిస్క్‌ను తనంతట తానే పెంచుతుంది. అయితే ఒకసారి పెంచాక ఆరు గంటల వరకు మళ్లీ పెంచదు, కనుక ఒక్కసారిగా భారీ డేటాను ఎక్కించే ముందు మీరే పెంచుకోవాలి.

ఎన్‌క్రిప్షన్ దగ్గర ఆగి ఆలోచించాలి. ‘స్టోరేజ్ ఎన్‌క్రిప్టెడ్’ విలువను ‘ట్రూ’ అని స్పష్టంగా రాయండి. ఎన్‌క్రిప్ట్ కాకుండా పుట్టిన ఇన్‌స్టెన్స్‌ను తర్వాత నేరుగా ఎన్‌క్రిప్ట్ చేయలేరు: స్నాప్‌షాట్ (ఆ క్షణం నాటి పూర్తి నకలు) తీసి, దాని ప్రతిని కేఎంఎస్ తాళంతో ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ ప్రతి నుంచి కొత్త ఇన్‌స్టెన్స్‌ను లేపి, అప్లికేషన్‌ను దాని వైపు మళ్లించాలి. ఎప్పుడో ఒక రోజు స్నాప్‌షాట్‌ను వేరే అకౌంట్‌కు ఇవ్వవలసిన అవసరం ఉంటుందనుకుంటే, సేవ ఇచ్చే డిఫాల్ట్ తాళాన్ని కాక మీరు సృష్టించిన కేఎంఎస్ తాళాన్నే వాడాలి. డిఫాల్ట్ తాళంతో ఎన్‌క్రిప్ట్ అయిన స్నాప్‌షాట్‌ను ఇతర అకౌంట్లతో పంచుకోవడానికి వీలుండదు.

మాస్టర్ యూజర్‌కు ‘అడ్మిన్’ అన్న పేరు పోస్ట్‌గ్రెస్ ఇంజిన్‌లో చెల్లదు. మరొక పేరు ఎంచుకోండి. పాస్‌వర్డ్‌ను కమాండ్‌లో గానీ, ఈ ఫైలులో గానీ రాయకండి. కమాండ్‌లో రాస్తే షెల్ హిస్టరీలో, ఫైలులో రాస్తే వెర్షన్ కంట్రోల్‌లో శాశ్వతంగా మిగిలిపోతుంది. ‘మేనేజ్ మాస్టర్ యూజర్ పాస్‌వర్డ్’ విలువను ‘ట్రూ’ చేస్తే ఆర్‌డీఎస్ ఒక బలమైన పాస్‌వర్డ్‌ను సృష్టించి సీక్రెట్స్ మేనేజర్‌లో ఉంచుతుంది, డిఫాల్ట్‌గా ప్రతి ఏడు రోజులకూ దాన్ని మారుస్తుంది. అలా మారుతుంది కనుకనే అప్లికేషన్‌ను మాస్టర్ యూజర్‌తో నడపకూడదు. దాని సంగతి కొంచెం తర్వాత చూద్దాం.

‘పబ్లిక్లీ యాక్సెసిబుల్’ విలువ ‘ఫాల్స్’. దీని డిఫాల్ట్ మీరు నెట్‌వర్క్ వివరాలను ఎలా ఇచ్చారన్నదాన్ని బట్టి మారుతుంది, అందువల్ల ఊహకు వదిలేయకూడదు. సబ్‌నెట్ గ్రూప్, సెక్యూరిటీ గ్రూప్, పారామీటర్ గ్రూప్‌లకు ముందు సృష్టించిన పేర్లనూ ఐడీలనూ ఇవ్వండి.

‘బ్యాకప్ రిటెన్షన్ పీరియడ్’ 0 నుంచి 35 రోజుల వరకు ఉండవచ్చు. 0 అంటే ఆటోమేటిక్ బ్యాకప్‌లు పూర్తిగా ఆగిపోవడం. ఏడు రోజులు కనీస హద్దుగా పెట్టుకోవచ్చు. వారాంతం, సెలవులు కలిసివచ్చినా పొరపాటును గుర్తించడానికి వ్యవధి మిగలాలంటే పద్నాలుగు ఇంకా మేలు. బ్యాకప్ సమయం, మెయింటెనెన్స్ సమయం రెండూ యూటీసీలోనే రాయాలి, ఒకదాని మీద మరొకటి పడకూడదు. మీ వినియోగదారులు తక్కువగా ఉండే గంటలను యూటీసీలోకి మార్చి రాసేటప్పుడు రోజు కూడా మారే అవకాశం ఉందని గమనించండి.

‘మల్టీ ఏజెడ్’ను ‘ట్రూ’ చేస్తే రెండో జోన్‌లో ఒక స్టాండ్‌బై ఉంటుంది, ప్రతి రాతా దానికి కూడా అప్పటికప్పుడే చేరుతుంది. ప్రధాన సర్వర్ పడిపోతే సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో స్టాండ్‌బై ఆ స్థానంలోకి వస్తుంది, కనెక్షన్ చిరునామా మారదు. ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది, పైగా ఆ స్టాండ్‌బై నుంచి చదవడానికి వీలుండదు. ప్రయోగాలకు అక్కరలేదు, సొమ్ము చేతులు మారే అప్లికేషన్‌కు దీన్ని వదులుకోవడం నాకు సమ్మతం కాదు. పైగా స్టాండ్‌బై ఉందని బ్యాకప్ అవసరం లేదనుకోవడం ప్రమాదకరం, ఎందుకంటే పొరపాటున డిలీట్ చేసిన వరుసలు అదే క్షణంలో స్టాండ్‌బైలో కూడా డిలీట్ అవుతాయి.

ఇక మూడు చిన్న పంక్తులు. ‘డిలీషన్ ప్రొటెక్షన్’ను ‘ట్రూ’ చేయండి. ‘కాపీ ట్యాగ్స్ టు స్నాప్‌షాట్’ను కూడా ‘ట్రూ’ చేసి, యజమాని బృందం పేరుతో ట్యాగ్ పెట్టండి. ‘ఇంజిన్ లైఫ్‌సైకిల్ సపోర్ట్’ గురించి చాలామందికి తెలియదు: దీన్ని వదిలేస్తే, మీ మేజర్ వెర్షన్‌కు మామూలు మద్దతు ముగిశాక ‘ఎక్స్‌టెండెడ్ సపోర్ట్’ అనే రుసుముతో కూడిన పథకంలో ఇన్‌స్టెన్స్ తనంతట తానే చేరిపోతుంది. దాన్ని ‘డిజేబుల్డ్’తో ముగిసే విలువకు మారిస్తే రుసుము ఉండదు గానీ, గడువు ముగిశాక సేవ మీ డేటాబేస్‌ను పై వెర్షన్‌కు తీసుకెళ్లిపోతుంది. రెంటిలో ఏది ఎంచుకున్నా తెలిసి ఎంచుకోవాలి.

సృష్టించడం, వేచి ఉండడం

ఆర్‌డీఎస్ కమాండ్లకు ‘డ్రై-రన్’ సౌకర్యం లేదు. కానీ అదే స్కెలిటన్ ఆప్షన్‌కు ‘అవుట్‌పుట్’ అన్న విలువ ఇచ్చి, మీ ఫైలును ‘సీఎల్ఐ-ఇన్‌పుట్-యామల్’ ఆప్షన్‌తో కలిపి నడిపితే, ఫైలు నిర్మాణంలో తప్పులుంటే సేవను చేరకముందే టూల్ చెబుతుంది. విలువలు సరైనవో కావో మాత్రం అది చెప్పలేదు. అంతా బాగుందనుకున్నాక స్కెలిటన్ ఆప్షన్ లేకుండా అదే కమాండ్‌ను నడపండి.

కమాండ్ వెంటనే ముగుస్తుంది, డేటాబేస్ మాత్రం వెంటనే సిద్ధం కాదు. స్థితి ‘క్రియేటింగ్’ అని, తర్వాత ‘బ్యాకింగ్-అప్’ అని, చివరికి ‘అవైలబుల్’ అని మారుతుంది. స్క్రిప్ట్‌లో నిద్రపుచ్చే లూప్‌లు రాయనక్కరలేదు. ‘ఏడబ్ల్యూఎస్ ఆర్‌డీఎస్ వెయిట్ డీబీ-ఇన్‌స్టెన్స్-అవైలబుల్’ కమాండ్ ప్రతి 30 సెకన్లకూ స్థితిని చూస్తూ సిద్ధమయ్యే వరకు ఆగి ఉంటుంది. 60 సార్లు చూసినా సిద్ధం కాకపోతే 255 ఎర్రర్ కోడ్‌తో ముగుస్తుంది. మల్టీ ఏజెడ్ ఇన్‌స్టెన్స్‌కు కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది, కాబట్టి 255ను వైఫల్యంగా తీసుకోకుండా మరోసారి వేచి చూడండి. ఏం జరుగుతోందో తెలియనప్పుడు ‘డిస్క్రైబ్-ఈవెంట్స్’ కమాండ్ చదవదగినది. వేచి ఉండలేక అదే సృష్టి కమాండ్‌ను మళ్లీ నడిపితే ఆ పేరుతో ఇన్‌స్టెన్స్ ఇప్పటికే ఉందన్న ఎర్రర్ వస్తుంది తప్ప రెండోది పుట్టదు.

కనెక్ట్ కావడం

‘డిస్క్రైబ్-డీబీ-ఇన్‌స్టెన్సెస్’ అవుట్‌పుట్‌లో ఎండ్‌పాయింట్ చిరునామా (డేటాబేస్‌కు కనెక్ట్ అయ్యే చోటు), పాస్‌వర్డ్ ఉన్న సీక్రెట్ తాలూకు ఏఆర్ఎన్ (ఏడబ్ల్యూఎస్‌లో దాని ప్రత్యేక గుర్తింపు) రెండూ ఉంటాయి. ‘ఏడబ్ల్యూఎస్ సీక్రెట్స్‌మేనేజర్ గెట్-సీక్రెట్-వాల్యూ’ కమాండ్‌తో పాస్‌వర్డ్‌ను చదవవచ్చు.

డేటాబేస్ ప్రైవేట్ సబ్‌నెట్‌లో ఉంది కనుక మీ ల్యాప్‌టాప్ నుంచి నేరుగా అందదు. దీనికోసం పబ్లిక్ యాక్సెస్‌ను ‘కాసేపు’ తెరవడం కంటే, అదే వీపీసీలో ఉన్న ఒక సర్వర్ ద్వారా సెషన్ మేనేజర్ పోర్ట్ ఫార్వర్డింగ్ (మీ యంత్రంలోని ఒక పోర్ట్‌ను ఆ సర్వర్ గుండా డేటాబేస్‌కు కలపడం) వాడడం మేలు. మీ యంత్రంలో సెషన్ మేనేజర్ ప్లగిన్, ఆ సర్వర్‌లో ఎస్ఎస్ఎం ఏజెంట్ ఉండాలి. ఆ సర్వర్ సెక్యూరిటీ గ్రూప్‌కు 5432 పోర్ట్‌లోకి అనుమతి ఉండాలి. ‘ఏడబ్ల్యూఎస్ ఎస్ఎస్ఎం స్టార్ట్-సెషన్’ కమాండ్‌లో రిమోట్ హోస్ట్‌కు పోర్ట్ ఫార్వర్డ్ చేసే డాక్యుమెంట్‌ను ఎంచుకుని, హోస్ట్‌గా ఎండ్‌పాయింట్‌ను, పోర్ట్‌గా 5432ను, మీ వైపు పోర్ట్‌గా 15432 వంటిదాన్ని ఇవ్వండి. ఎస్ఎస్‌హెచ్ తాళాలు, తెరిచిన 22వ పోర్ట్ ఏవీ అక్కరలేదు.

కనెక్షన్‌లో ‘ఎస్ఎస్ఎల్‌మోడ్’ విలువను ‘వెరిఫై-ఫుల్’గా పెట్టండి. ఆర్‌డీఎస్‌లో 15వ వెర్షన్ నుంచి ఎన్‌క్రిప్షన్ లేని కనెక్షన్లను డిఫాల్ట్‌గానే తిరస్కరిస్తారు, కాబట్టి ‘రిక్వైర్’ పెట్టినా కనెక్షన్ కుదురుతుంది. కానీ ‘రిక్వైర్’ అవతల ఉన్నది నిజంగా మీ డేటాబేసేనా అని సరిచూడదు. సరిచూడాలంటే ఏడబ్ల్యూఎస్ అందరికీ అందించే ‘గ్లోబల్ బండిల్’ సర్టిఫికెట్ ఫైలును డౌన్‌లోడ్ చేసుకుని ‘ఎస్ఎస్ఎల్‌రూట్‌సర్ట్’లో దాని దారి ఇవ్వాలి. పోర్ట్ ఫార్వర్డింగ్‌తో ఇక్కడ ఒక చిక్కు వస్తుంది: మీరు ‘లోకల్‌హోస్ట్’కు కనెక్ట్ అవుతున్నారు, సర్టిఫికెట్ మీద మాత్రం ఎండ్‌పాయింట్ పేరు ఉంటుంది, అందువల్ల ‘వెరిఫై-ఫుల్’ విఫలమవుతుంది. పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ టూల్ అయిన పీఎస్‌క్యూఎల్ కనెక్షన్ పంక్తిలో ‘హోస్ట్’ విలువగా అసలు ఎండ్‌పాయింట్‌ను, ‘హోస్ట్‌అడ్రస్’ అర్థంలో ఉండే ‘హోస్ట్ఏడీడీఆర్’ విలువగా 127.0.0.1ను ఇస్తే, కనెక్షన్ మీ యంత్రంలోని పోర్ట్‌కు వెళ్తుంది, పేరు పరిశీలన ఎండ్‌పాయింట్‌తో జరుగుతుంది. భద్రతను సడలించకుండానే చిక్కు వీడుతుంది.

కనెక్ట్ కాకుండా చాలాసేపు వేలాడి టైమ్‌అవుట్ అయితే లోపం సెక్యూరిటీ గ్రూప్‌లోనో రూటింగ్‌లోనో ఉందని అర్థం. వెంటనే పాస్‌వర్డ్ తప్పన్న జవాబు వస్తే నెట్‌వర్క్ బాగానే ఉన్నట్టు, వెతకవలసింది సీక్రెట్‌లో.

అప్లికేషన్‌కు సొంత యూజర్

మాస్టర్ యూజర్‌తో లోపలికి వెళ్లి చేయవలసిన మొదటి పని, ఇక మాస్టర్ యూజర్ అవసరం లేకుండా చేసుకోవడం. రెండు రోల్స్ (డేటాబేస్ లోపలి యూజర్లు) సృష్టించండి: టేబుళ్లకు యజమానిగా ఉండి వాటి నిర్మాణాన్ని మార్చేది ఒకటి, అప్లికేషన్ రోజూ వాడేది మరొకటి. రెండోదానికి చదవడం, చేర్చడం, మార్చడం, తొలగించడం చాలు. టేబుళ్లను డ్రాప్ చేసే హక్కు దానికి ఉండకూడదు. పాస్‌వర్డ్‌ను క్రియేట్ రోల్ వాక్యంలో రాయకుండా, రోల్ పుట్టాక పీఎస్‌క్యూఎల్‌లోని బ్యాక్‌స్లాష్ పాస్‌వర్డ్ కమాండ్‌తో పెట్టండి, అప్పుడు అది సర్వర్ లాగ్‌లలో సాదాగా పడదు.

తర్వాత యజమాని రోల్ పేరిట ఒక స్కీమా (టేబుళ్లను ఉంచే విభాగం) సృష్టించాలి. ఆర్‌డీఎస్‌లో మాస్టర్ యూజర్ నిజమైన సూపర్‌యూజర్ కాదు, కనుక ముందుగా ఆ రోల్‌ను మాస్టర్ యూజర్‌కు గ్రాంట్ చేసి, ఆ పైన స్కీమా సృష్టించండి. పాత పాఠాల్లో చెప్పినట్టు పబ్లిక్ స్కీమాలోనే టేబుళ్లు పెడదామనుకుంటే, 15వ వెర్షన్ నుంచి సామాన్య యూజర్లకు అందులో సృష్టించే హక్కు లేదు కాబట్టి ‘పర్మిషన్ డినైడ్’ ఎదురవుతుంది. చివరగా ‘ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్’ వాక్యంతో, యజమాని రోల్ ఇకపై సృష్టించే టేబుళ్లపై అప్లికేషన్ రోల్‌కు హక్కులు వాటంతటవే వచ్చేలా చేయండి. దీన్ని మరచిపోతే మీరు విడిగా హక్కులిచ్చిన మొదటి టేబుళ్లు పనిచేస్తాయి, కొత్తగా చేర్చిన టేబుల్ దగ్గర అప్లికేషన్ ఆగిపోతుంది.

బ్యాకప్‌ను తిరిగి తెచ్చి చూడడం

ఈ దశను తర్వాతికి వాయిదా వేయకండి. వినియోగదారులు రాకముందే, డేటా చిన్నగా ఉన్నప్పుడే, పునరుద్ధరణను ఒకసారి పూర్తిగా చేసి చూడాలి. ‘రిస్టోర్-డీబీ-ఇన్‌స్టెన్స్-టు-పాయింట్-ఇన్-టైమ్’ కమాండ్ పాత ఇన్‌స్టెన్స్‌ను వెనక్కి తిప్పదు. మీరు చెప్పిన క్షణం నాటి డేటాతో కొత్త ఇన్‌స్టెన్స్‌ను, కొత్త చిరునామాతో సృష్టిస్తుంది. కాలాన్ని యూటీసీలో ఇవ్వాలి, లేదా సాధ్యమైనంత తాజా క్షణాన్ని వాడమని చెప్పాలి. ఆ తాజా క్షణం సాధారణంగా ప్రస్తుతానికి అయిదు నిమిషాల లోపు వెనుక ఉంటుంది.

ఇక్కడ కూడా మొదట చెప్పిన సూత్రమే వర్తిస్తుంది. సబ్‌నెట్ గ్రూప్, సెక్యూరిటీ గ్రూప్, పారామీటర్ గ్రూప్, పబ్లిక్ యాక్సెస్ అన్నీ ఈ కమాండ్‌లో మళ్లీ స్పష్టంగా రాయాలి. రాయకపోతే డేటా తిరిగి వచ్చినా అప్లికేషన్ దానికి కనెక్ట్ కాలేక, అసలే ఆపదలో ఉన్న వేళ కారణం వెతుక్కోవలసి వస్తుంది. అప్లికేషన్ రోల్ పాస్‌వర్డ్ డేటాబేస్‌లోనే ఉంటుంది కనుక దానితోనే కనెక్ట్ అయి వరుసల సంఖ్యను పోల్చి చూడండి. కొత్త ఇన్‌స్టెన్స్‌లో డేటా వెనుకనుంచి నెమ్మదిగా డిస్క్‌లోకి చేరుతూ ఉంటుంది కాబట్టి మొదటి క్వెరీలు మందకొడిగా నడిస్తే కంగారు పడనక్కరలేదు. ఎంత సమయం పట్టిందో రాసిపెట్టుకుని, పరీక్ష ఇన్‌స్టెన్స్‌ను తొలగించండి.

నిఘా, మార్పులు

కనీసం ఖాళీ డిస్క్ స్థలంపై ఒక అలారం పెట్టండి. ‘ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌వాచ్ పుట్-మెట్రిక్-అలారం’ కమాండ్‌లో ‘ఫ్రీ స్టోరేజ్ స్పేస్’ కొలత బైట్లలో ఉంటుంది. 5 జీబీ హద్దు కావాలంటే 5 అని కాదు, 5368709120 అని రాయాలి. కనెక్షన్ల సంఖ్య, సీపీయూ, మిగిలిన మెమరీలపై కూడా అలారాలు పెట్టుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో గరిష్ఠ కనెక్షన్ల సంఖ్య సర్వర్ మెమరీని బట్టి లెక్కకట్టబడుతుంది కాబట్టి చిన్న సర్వర్‌కు అనేక అప్లికేషన్ ప్రాసెస్‌లు నేరుగా కనెక్ట్ అయితే ఆ హద్దు త్వరగానే వస్తుంది. కనెక్షన్ పూలింగ్ (కొన్ని కనెక్షన్లనే అందరూ పంచుకునే ఏర్పాటు) గురించి ముందే ఆలోచించండి.

ఇన్‌స్టెన్స్‌లో ఏ మార్పు చేయాలన్నా ‘మాడిఫై-డీబీ-ఇన్‌స్టెన్స్’ కమాండ్ వాడతారు. సర్వర్ రకం వంటి మార్పులు ‘అప్లై-ఇమ్మీడియట్లీ’ అని రాయకపోతే తర్వాతి మెయింటెనెన్స్ సమయం దాకా ఆగుతాయి. అది రాస్తే, అప్పటికే వేచి ఉన్న ఇతర మార్పులు కూడా కలిసి అప్పుడే అమలవుతాయి. కనుక ముందు ‘డిస్క్రైబ్-డీబీ-ఇన్‌స్టెన్సెస్’ అవుట్‌పుట్‌లోని పెండింగ్ విలువలను చూడడం అలవాటు చేసుకోవాలి.

ఆపడం, తొలగించడం

ప్రయోగాల ఇన్‌స్టెన్స్‌ను వాడనప్పుడు ‘స్టాప్-డీబీ-ఇన్‌స్టెన్స్’తో ఆపవచ్చు. ఆగి ఉన్న కాలానికి సర్వర్ రుసుము ఉండదు, స్టోరేజ్, బ్యాకప్‌ల రుసుము ఉంటుంది. ఏడు రోజుల తర్వాత అది తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. ఆపేశాం కదా అని మరచిపోయినవారికి బిల్లు వచ్చాకే ఈ సంగతి తెలుస్తుంది.

పూర్తిగా తొలగించాలంటే మొదట మాడిఫై కమాండ్‌తో డిలీషన్ ప్రొటెక్షన్‌ను తీసేయాలి. తర్వాత ‘డిలీట్-డీబీ-ఇన్‌స్టెన్స్’ కమాండ్‌లో చివరి స్నాప్‌షాట్ పేరు ఇవ్వాలి, లేదా స్నాప్‌షాట్ అక్కరలేదని స్పష్టంగా చెప్పాలి. డేటా విలువైనదో కాదో ఒక్క క్షణం సందేహం కలిగినా స్నాప్‌షాట్ తీయండి, ఎందుకంటే ఆటోమేటిక్ బ్యాకప్‌లు డిఫాల్ట్‌గా ఇన్‌స్టెన్స్‌తోపాటే తొలగిపోతాయి. ‘వెయిట్ డీబీ-ఇన్‌స్టెన్స్-డిలీటెడ్’ ముగిశాక సబ్‌నెట్ గ్రూప్, పారామీటర్ గ్రూప్, సెక్యూరిటీ గ్రూప్‌లను తీసేయవచ్చు. అంతకుముందు ప్రయత్నిస్తే అవి వాడుకలో ఉన్నాయన్న ఎర్రర్ వస్తుంది. మీరు చేతితో తీసిన స్నాప్‌షాట్లు మాత్రం మీరు తొలగించే వరకు ఉంటాయి, వాటికి రుసుమూ పడుతూనే ఉంటుంది. ‘డిస్క్రైబ్-డీబీ-స్నాప్‌షాట్స్’ కమాండ్‌కు స్నాప్‌షాట్ రకంగా ‘మాన్యువల్’ ఇచ్చి ఆ జాబితాను చూసి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో అప్పుడే తేల్చుకోండి.